వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను సరిగా చూడటం లేదా? గుర్తుపట్టడం, ఫిర్యాదు, కేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర ‘నర్సింగ్ హోం’ అంటే పదీ ఇరవై పడకల చిన్న ఆసుపత్రి. ఈ పేజీ దాని గురించి కాదు. నెలకింత అని కట్టించుకుని పెద్దవాళ్లను ఉంచుకునే వృద్ధాశ్రమాలు, మంచాన పడ్డవాళ్లనూ మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లనూ చూసుకునే కేర్ హోంల గురించి. చట్టం వివరాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సరిపోయేలా రాశాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ (పోలీసు, కోర్టు విధానాల చట్టం) బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) అమల్లో ఉన్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి మాత్రం పాత ఐపీసీ సెక్షన్లే పెడతారు.

అనుమానం మాత్రమే ఉంది. చూడటానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి?

విజిటర్స్ హాల్లో కూర్చోబెట్టి, తల దువ్వి, మంచి చీర కట్టి చూపిస్తే మీకేమీ తెలియదు. గదిలోకి వెళ్లండి. దుప్పటి తీసి మడమలు చూడండి. పక్కకు తిప్పించి నడుం కింద తోక ఎముక దగ్గర, తుంటి దగ్గర చూడండి. నాలుక చూడండి: పొడిబారి, పగుళ్లుంటే నీళ్లు అందడం లేదని అర్థం. చేతి చర్మం గిల్లి చూసే పద్ధతి ముసలివాళ్ల విషయంలో పనికిరాదు, వయసుతో ఆ చర్మం ఎలాగూ వదులవుతుంది. యూరిన్ బ్యాగ్ ఉంటే రంగు చూడండి, బ్యాగ్ మంచం మీద కాకుండా కిందికి వేలాడుతోందా అన్నదీ చూడండి. పైన పెడితే మూత్రం వెనక్కి వెళ్లి ఇన్ఫెక్షన్ వస్తుంది. మంచినీళ్ల గ్లాసు చేతికందే దూరంలో ఉందా, కాలింగ్ బెల్ నొక్కితే ఎవరైనా వస్తున్నారా అన్నవి రెండు నిమిషాల్లో తేలిపోతాయి.

చెప్పకుండా వెళ్లండి. అన్నిటికన్నా పనికొచ్చే సమయం రాత్రి భోజనాల వేళ, లేదా ఆదివారం సాయంత్రం. సిబ్బంది పలచబడేది అప్పుడే. ‘ముందు ఫోన్ చేసి, మేం చెప్పిన టైముకే రావాలి’ అనే ఆశ్రమం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయి. బాత్రూంలో పడ్డారంటున్నారు. నమ్మాలా?

నిజమే అయ్యుండొచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు, చర్మం పలచబడ్డవాళ్లకు ముంజేతుల మీద ఊదారంగు మచ్చలు ఊరికే వస్తాయి. పడ్డప్పుడు సాధారణంగా మోకాళ్లకు, మోకాళ్ల కింద ఎముకకు, ముంజేతులకు, నుదుటికి దెబ్బ తగులుతుంది.

అనుమానించాల్సినవి వేరే చోట్ల ఉంటాయి: భుజం కింద చేతి లోపలి వైపు వేళ్ల ముద్రలు, చెవి చుట్టూ, మెడ మీద, ఛాతీ మీద, తొడల లోపల. రెండు మణికట్ల మీదా, లేదా రెండు చీలమండల మీదా ఒకేలా గీతలుంటే కట్టేసినట్టు. మచ్చ రంగును బట్టి ‘ఇది మూడు రోజుల నాటిది’ అని తేల్చడం డాక్టర్లకే సాధ్యం కాదు, మీరూ ఆ వాదనకు దిగకండి.

పడిపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. పడ్డాక ఏం చేశారన్నదే అడగాల్సింది. ఎన్ని గంటలకు పడ్డారు, ఎవరు చూశారు, మీకు ఎప్పుడు ఫోన్ చేశారు, డాక్టరు ఎప్పుడు చూశారు? ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగిందనడానికి గుర్తు. అలాంటి మనిషికి నొప్పి మాత్ర ఇచ్చి రెండు రోజులు మంచం మీద ఉంచితే అది ప్రమాదం కాదు, నిర్లక్ష్యం. తలకు దెబ్బ తగిలినవాళ్లకు, ముఖ్యంగా రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు, మెదడు పొరల మధ్య రక్తం రోజుల తరబడి, వారాల తరబడి నెమ్మదిగా చేరుతుంది. మత్తుగా, తికమకగా మారితే ‘వయసు’ అని సరిపెట్టుకోకుండా సీటీ స్కాన్ తీయించండి.

బెడ్‌సోర్స్ మంచాన పడ్డవాళ్లకు మామూలే అంటున్నారు. నిజమేనా?

చివరి దశలో ఉన్న కొందరికి ఎంత చూసినా పుండ్లు పడతాయి. కానీ ఎక్కువమందికి అవి ఆపగలిగినవే. ఒత్తిడి పడిన చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది, అందుకే సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు. మొదటి దశలో ఎర్రటి మచ్చే ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడదు (చామనఛాయ చర్మం మీద ఎరుపు తెలియకపోవచ్చు, అక్కడ వేడిగా గానీ గట్టిగా గానీ ఉందా చూడాలి). రెండో దశలో చర్మం లేచిపోతుంది, బొబ్బ వస్తుంది. మూడో దశలో కొవ్వు దాకా గుంట పడుతుంది. నాలుగో దశలో కండరం, ఎముక కనిపిస్తాయి.

మూడు, నాలుగు దశల పుండు మీరు చూసేనాటికి ‘నిన్ననే వచ్చింది’ అంటే నమ్మకండి. అది రోజుల తరబడి ఎవరో డైపర్ మారుస్తూ చూసి వదిలేసిన పుండు.

ఎయిర్ బెడ్ వేశామని చెబుతారు. మోటారు ఆడుతోందా చూడండి. ప్లగ్ తీసేసి ఉన్న ఎయిర్ బెడ్ చాలా చోట్ల కనిపించే దృశ్యమే, గాలి దిగాక అది మామూలు పరుపు కన్నా అన్యాయం. మోటారు ఆడుతున్నా మనిషిని తిప్పాల్సిందే. తిప్పినట్టు రాసే చార్ట్ అడగండి. వారం రోజుల టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో, ఒకే వాలులో ఉంటే అది కూర్చుని ఒక్కసారి నింపిన కాగితం. ఆ పేజీ ఫోటో తీసుకోండి.

బాగా చిక్కిపోయారు. ఎంత తగ్గితే ఆందోళన పడాలి?

నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం. యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించి తీరాలి. కారణం క్యాన్సర్ కావచ్చు, షుగర్ కావచ్చు, కట్టుడు పళ్లు పోయి నమలలేకపోవడం కావచ్చు. తినిపించే మనిషి లేక ప్లేటు పెట్టి అరగంటకు తీసుకెళ్లిపోవడమూ కావచ్చు. చేర్చిన రోజున బరువు రాయించుకుని, నెలనెలా అడుగుతూ ఉంటే ఈ చర్చంతా ఒక్క కాగితంతో తేలిపోతుంది.

పగలంతా నిద్రలోనే ఉంటున్నారు. మత్తుమందులు ఇస్తున్నారేమో?

రాత్రిపూట సిబ్బంది తక్కువున్న చోట, తిరిగే పేషెంట్లను, అరిచే పేషెంట్లను మాత్రలతో పడుకోబెట్టడం జరుగుతుంది. క్వెటియాపిన్, హాలోపెరిడాల్, లోరాజెపామ్, క్లోనాజెపామ్, ఆల్ప్రాజోలామ్ పేర్లు వెతకండి. చొంగ కారడం, ఒళ్లు బిగుసుకోవడం, చేతులు వణకడం, తరచూ పడిపోవడం కొత్తగా మొదలైతే చీటీ అడగండి: ఏ డాక్టరు, ఏ తేదీన, ఎంత మోతాదు? మాత్రల అట్టలు లెక్కపెట్టండి. ముప్పై రోజులకు రాసిన మాత్రలు పదిహేను రోజుల్లో ఖాళీ అయితే లెక్క చెప్పాల్సింది వాళ్లు. అయితే అప్పటికప్పుడు మీరే మాత్రలు ఆపేయకండి. ఈ మందుల్లో కొన్ని హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. వేరే డాక్టరుకు చూపించి తగ్గించాలి.

చీటీ లేకుండా మత్తుమందు ఇచ్చి హాని చేయడం బీఎన్‌ఎస్ 123 కిందికి రావచ్చు. పదేళ్ల దాకా శిక్ష పడే నేరం అది.

పడిపోకుండా మంచానికి కడుతున్నామంటున్నారు. తప్పా?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద, మానసిక రోగులను ఉంచుకునే సంస్థల్లో ఒక మనిషిని కట్టడి చేయాలంటే తక్షణ ప్రమాదం ఉండాలి, వేరే దారి లేదని సైకియాట్రిస్టు అనుమతించాలి, రికార్డులో రాయాలి. శిక్షగానో, సిబ్బంది లేరనో కట్టకూడదని 97వ సెక్షన్ సూటిగానే చెబుతుంది. గొలుసులు వేయడం 95వ సెక్షన్ కింద పూర్తిగా నిషేధం. మిగతా ఆశ్రమాల్లో కూడా మనిషిని ఇష్టానికి విరుద్ధంగా కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం అక్రమ నిర్బంధమే (బీఎన్‌ఎస్ 127). మూడు రోజులు దాటితే మూడేళ్ల దాకా, పది రోజులు దాటితే ఐదేళ్ల దాకా శిక్ష. పక్కలకు రెయిలింగ్ పెట్టడం వేరు, చేతులు చీరముక్కతో కట్టడం వేరు.

అమ్మను అడిగితే ‘ఏం లేదురా, బాగానే చూస్తున్నారు’ అంటుంది.

మీరు వెళ్లిపోయాక రాత్రికి ఆవిడ ఉండాల్సింది అక్కడే. పైగా మీకు భారమవుతానన్న బెంగ. అందుకే ‘కొడుతున్నారా?’ అని అడిగితే జవాబు రాదు. ఆయా లేనప్పుడు, తలుపు దగ్గరకు వేసి, చిన్న చిన్న ప్రశ్నలు వేయండి: రాత్రి ఒంటేలుకు లేపుతారా, పిలిస్తే ఎవరొస్తారు, నిన్న రాత్రి ఏం తిన్నావు, స్నానం ఎవరు చేయిస్తారు, నీళ్లు వేడిగా ఉంటాయా? ఒక ఆయా గదిలోకి రాగానే మాట ఆపేసి కళ్లు దించుకుంటే అది గమనించండి. వీలైతే కారులో బయటికి తీసుకెళ్లి టిఫిన్ తినిపిస్తూ మాట్లాడించండి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల మాట కోర్టులో చెల్లుతుందా?

జబ్బు ఉందన్న కారణంతోనే సాక్ష్యం కొట్టేయరు. ప్రశ్న అర్థం చేసుకుని సరైన జవాబు చెప్పగలరా అన్నది కోర్టు చూస్తుంది (భారతీయ సాక్ష్య అధినియమం 124). నగలు పోయాయని, విషం పెట్టారని చెప్పడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి కాబట్టి వాళ్ల మాట ఒక్కటే పట్టుకుని కేసు నడపలేం. మాటకు తోడు ఒంటి మీద గుర్తు, బరువు చీటీ, పక్క మంచం మనిషి మాట, ఇలా ఇంకొకటి ఉండాలి.

ఇవాళే గాయం చూశాను. మొదటి ఇరవై నాలుగు గంటల్లో ఏం చేయాలి?

ఆశ్రమం వాళ్లతో గొడవకు దిగకండి. గొడవ మొదలైన గంటలో రిజిస్టర్లు మారిపోతాయి. ముందు ఫోటోలు: పగటి వెలుతురులో, ముఖమూ గాయమూ కలిసి కనిపించేలా ఒకటి, గాయం దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి ఒకటి. గది, మంచం, మందుల డబ్బా, కేర్ షీట్లు కూడా తీయండి.

తర్వాత ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీ అయితే మేలు. మెడికో లీగల్, అంటే పోలీసులకు సమాచారం వెళ్లే కేసుగా (ఎంఎల్‌సీ) నమోదు చేయమని నోటితో కాదు, కాగితం మీద రాసి అడగండి, ఎంఎల్‌సీ నంబరు తీసుకోండి. డాక్టరు ‘ఎలా తగిలింది’ అని అడిగినప్పుడు తోడొచ్చిన ఆశ్రమం మనిషిని జవాబు చెప్పనివ్వకండి. అక్కడ ‘జారిపడ్డారు’ అని రాస్తే ఏడాది తర్వాత ఎదుటి లాయరు చదివి వినిపించే మొదటి వాక్యం అదే. బెడ్‌సోర్స్ ఉంటే అడ్మిషన్ సమయానికే ఎన్ని ఉన్నాయి, ఏ దశ, ఎన్ని సెంటీమీటర్లు అని కేస్‌షీట్‌లో రాయించండి. రాయకపోతే ఆ పుండు ఆసుపత్రిలోనే పడిందని ఆశ్రమం వాళ్లు తప్పించుకుంటారు.

అదే రోజు ఆశ్రమానికి ఒక ఉత్తరం (వాట్సాప్, ఈమెయిల్, ఆపైన రిజిస్టర్డ్ పోస్టు): ఫలానా తేదీల సీసీటీవీ ఫుటేజీ, డ్యూటీ రిజిస్టరు, మందుల చార్టు భద్రపరచండి, కాపీలివ్వండి అని. సీసీటీవీ డీవీఆర్‌లలో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతూ ఉంటుంది. పదిహేను రోజులకే చెరిగిపోయేవి ఉన్నాయి. ఉత్తరం అందాక కూడా ఫుటేజీ లేదంటే, ఆ లేకపోవడమే మీ వాదనకు బలం.

ఫోన్‌లో తీసిన ఫోటోలు, వీడియోలు సాక్ష్యంగా పనికొస్తాయా?

వస్తాయి. భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. తీసిన ఫోన్‌ను అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్‌లో పంపిన కాపీకి తేదీ, సమయం వివరాలు ఊడిపోతాయి కాబట్టి అసలు ఫైలు వేరుగా దాచండి. గదిలో రహస్య కెమెరా పెట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పక్క మంచంలో వేరే ఆడమనిషి బట్టలు మార్చుకుంటుంటే అది రికార్డయితే నేరం మీ మీదికే వస్తుంది.

పోలీసులు ‘ఇది సివిల్ మేటరు, మాట్లాడుకోండి’ అంటున్నారు.

దీనికి తరచు కారణం మీ పిటిషన్ రాసిన తీరే. ‘సరిగా చూడటం లేదు, కొట్టారు’ అని రెండు ముక్కలు రాస్తే, మామూలు దెబ్బలు (బీఎన్‌ఎస్ 115) పోలీసులు తమంతట తాము కేసు కట్టగల నేరం కాదు. మేజిస్ట్రేటు అనుమతి కావాలి. ఒప్పందం చేసుకుని కూడా నిస్సహాయుణ్ని చూసుకోకుండా వదిలేయడం గురించి బీఎన్‌ఎస్ 357 అని ఒక సెక్షన్ ఉంది, అచ్చం మన సమస్యకే రాసినట్టుంటుంది. కానీ శిక్ష మూడు నెలలే, అదీ అనుమతి కావలసిన కోవే.

కాబట్టి జరిగినదంతా, తేదీలతో, గంటలతో రాయండి. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, బీఎన్‌ఎస్ 117, ఏడేళ్ల దాకా. తాళం వేస్తే, కట్టేస్తే 126, 127. నిర్లక్ష్యంతో ప్రాణం మీదికి తెస్తే 125. చూసుకునే బాధ్యత ఉన్నవాళ్లు పెద్దమనిషిని ఎక్కడో వదిలేసిపోతే తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007 సెక్షన్ 24. ఇవి నేరుగా కేసు కట్టదగినవి. ఒక్కటైనా ఇలాంటి నేరం ఉంటే మిగతా చిన్నవన్నీ దాంతోపాటే దర్యాప్తు చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 174 చెబుతుంది. లేనిది రాయమని కాదు, ఉన్నది మింగేయొద్దని.

పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటి వైకల్యం ఉంటే వికలాంగుల హక్కుల చట్టం 2016 సెక్షన్ 92 కూడా రాయండి. సంరక్షణలో ఉన్న మనిషికి తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోవడం దాని కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడే నేరం. సదరం సర్టిఫికెట్ ఉంటే జతచేయండి. చాలా స్టేషన్లలో ఈ సెక్షన్ ఎవరికీ తట్టదు, మీరే ఎత్తి చూపాలి.

అయినా తీసుకోకపోతే పిటిషన్‌ను ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి (బీఎన్‌ఎస్‌ఎస్ 173). అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో అఫిడవిట్‌తో 175(3) కింద దరఖాస్తు. ఆ పోస్టు రసీదు లేకపోతే ఇక్కడ పిటిషన్ ఆగిపోతుంది, పారేయకండి. స్టేషన్ పరిధి కాదన్నది కారణం కాదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. అరవై దాటినవాళ్లను వాంగ్మూలం కోసం స్టేషనుకు పిలవకూడదు, వాళ్లున్న చోటికే పోలీసులు రావాలి.

పెద్దాయన పరిస్థితి బాగా లేదు. కేసు తేలేదాకా ఉంటారో లేదో.

దర్యాప్తు అధికారిని అడిగి మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం (బీఎన్‌ఎస్‌ఎస్ 183) త్వరగా నమోదు చేయించండి. ప్రాణాపాయంలో ఉంటే మరణ వాంగ్మూలం కోసం ఆసుపత్రి డాక్టరుకే చెప్పండి.

కట్టిన డబ్బు, ఆసుపత్రి ఖర్చు, నష్టపరిహారం ఎలా వస్తాయి?

క్రిమినల్ కేసు శిక్ష కోసం. డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్, వినియోగదారుల రక్షణ చట్టం 2019. రెండూ ఏకకాలంలో నడపొచ్చు. ఫీజు తీసుకుని చేసే సంరక్షణ ‘సేవ’ కిందికి వస్తుంది. డబ్బు కట్టింది కొడుకైనా, ఆ సేవ అందుకున్న తల్లి కూడా వినియోగదారే. ఆవిడ చనిపోతే వారసులు వేయొచ్చు.

ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు ఆశ్రమానికి కట్టిన మొత్తాన్ని బట్టి. 50 లక్షల దాకా జిల్లా కమిషన్. కట్టింది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజే లేదు. ఆశ్రమం ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలో వేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, కాకపోతే మెడికల్ రికార్డులు చదివించాల్సిన కేసుల్లో లాయరుంటే మంచిది. గడువు సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు.

నష్టాన్ని విడగొట్టి రాయండి: ఆసుపత్రి బిల్లులు, కొత్త చోట అదనపు ఖర్చు, అందని సేవకు కట్టిన నెలల ఫీజు, తిరిగి రాని డిపాజిట్, మనోవేదన. ‘పాతిక లక్షలు ఇప్పించండి’ అని ఒకే అంకె వేసి, కింద కాగితం లేకపోతే కమిషన్ దాన్ని లక్షల నుంచి వేలకు దించుతుంది. నగదుగా కట్టి రసీదు తీసుకోకపోవడం ఈ కేసుల్లో పెద్ద దెబ్బ. ఇకనుంచైనా యూపీఐ, చెక్కు.

చట్టం నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చమంటుంది. అలా తేలుతుందని లెక్క వేసుకోకండి.

‘ఏం జరిగినా మాకు బాధ్యత లేదు’ అని చేర్పించేటప్పుడు సంతకం పెట్టాం.

ఆ కాగితం నేరాన్ని మాఫీ చేయదు. నిర్లక్ష్యానికి పరిహారం అడిగే హక్కునూ పూర్తిగా లాక్కోలేదు. సహజ మరణానికి మేం బాధ్యులం కాదన్నది సమంజసమైన షరతు, ‘పుండ్లు పడినా, పడిపోయినా అడగం’ అన్నది కాదు. భయపడి ఆగిపోకండి.

ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో ఆశ్రమం మీద ఫిర్యాదు చేయొచ్చా?

చాలామంది మొదట తట్టేది ఈ తలుపే, నెలలు పోతాయి. 2007 చట్టం కింద ఆ ట్రిబ్యునల్ ప్రధానంగా పిల్లల నుంచి, ఆస్తి అనుభవించే బంధువుల నుంచి నెలవారీ పోషణ ఇప్పించడానికి. ఆశ్రమం నిర్లక్ష్యానికి అది పరిహారం ఇవ్వదు. ఒక్క విషయంలో పనికొస్తుంది, అదే కింది ప్రశ్న.

చివరిదాకా చూసుకుంటామని ఇల్లు రాయించుకున్నారు. ఇప్పుడు చూడటం లేదు.

2007 చట్టం సెక్షన్ 23. బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి బదిలీ చేసి, అవతలివాళ్లు ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును చెల్లనిదిగా ప్రకటించగలదు. అవతలివాళ్లు కన్నబిడ్డలే కానక్కర్లేదు, ఆశ్రమ నిర్వాహకుడైనా అంతే. మెలికంతా షరతు దగ్గరే. షరతు ఉన్నట్టు చూపించలేకపోతే సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు చేసేలా చదవాలంటూ ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది. గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడే షరతును అందులో రాయించడం ఉత్తమం.

పింఛను, ఏటీఎం కార్డు విషయం వేరు. ఖాతాకు లింకైన ఫోన్ నంబరు మారిందా చూడండి. నెలనెలా ఒకే తేదీన ఏటీఎం నుంచి మొత్తం డ్రా అవుతుంటే స్టేట్‌మెంట్ తీయించి కార్డు బ్లాక్ చేయించండి. నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకోవడం బీఎన్‌ఎస్ 316.

‘రిజిస్టర్డ్ ఆశ్రమం’ అని బోర్డు ఉంది కదా?

ఆ బోర్డు వెనుక చాలాసార్లు ఉండేది సొసైటీ రిజిస్ట్రేషన్. ఏడుగురు కలిసి సంఘం పెట్టారని చెబుతుందే తప్ప, అక్కడ నర్సు ఉందని గానీ, ఎవరైనా తనిఖీ చేశారని గానీ చెప్పదు. సెలైన్లు పెట్టి, మందులిచ్చి పేషెంట్లను ఉంచుకుంటుంటే జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి దగ్గర నమోదు ఉందా అడగండి. మానసిక రోగులను ఉంచుకుంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు ఉండాలి. లేకుండా నడిపితే మొదటిసారికి ఐదు వేల నుంచి యాభై వేల దాకా జరిమానా.

తనిఖీ చేయించాలంటే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వండి: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ, వైద్య శాఖ, పోలీసు కలిసి తనిఖీ చేయాలని అడగండి. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ఆశ్రమమైతే తనిఖీ నివేదికలను పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో సంబంధిత శాఖ నుంచి తెప్పించుకోవచ్చు.

ఉచిత ఆశ్రమం. డబ్బు కట్టలేదు. మాకు హక్కు ఉండదా?

వినియోగదారుల కమిషన్ దారి సాధారణంగా మూసుకుపోతుంది. క్రిమినల్ చట్టం, కలెక్టరు తనిఖీ యథాతథం. ప్రభుత్వ ఆశ్రమమైతే మానవ హక్కుల కమిషన్‌కూ వెళ్లొచ్చు, ఏడాది లోపు.

ఆశ్రమంలో చనిపోయారు. ఒంటి మీద గాయాలు కనిపించాయి.

దహనం చేయకండి. ఇంతకన్నా ముఖ్యమైన మాట ఈ పేజీలో లేదు. చితి మీద పెడితే సాక్ష్యం మొత్తం పోయినట్టే, ఆ తర్వాత ఎంత పెద్ద లాయరూ ఏమీ చేయలేడు. ‘పొద్దుపోకముందే కానిచ్చేయండి, వ్యాన్ కూడా మేమే చూశాం’ అని తొందరపెట్టేవాళ్ల మాట వినకండి. 112కు ఫోన్ చేసి, స్టేషన్లో అనుమానాస్పద మృతి అని రాసివ్వండి. బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద పంచనామా, ఆపైన ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం జరుగుతాయి. పంచనామాలో పాత గాయాలు, పుండ్లు, ఒంటి శుభ్రత కూడా రాయమని అడగండి. నిర్లక్ష్యం వల్ల మరణమని తేలితే బీఎన్‌ఎస్ 106, ఐదేళ్ల దాకా. ఇంట్లో పెద్దలు ‘పోయిన మనిషిని కోయించడమా’ అంటారు. అది మీరే తేల్చుకోవాల్సిన విషయం, కానీ ఆ నిర్ణయానికి మీకున్నది కొన్ని గంటలే.

మేం అమెరికాలో ఉన్నాం. ఇక్కడి నుంచి ఏం చేయగలం?

పోలీసులకు ఈమెయిల్‌లో ఫిర్యాదు పంపొచ్చు, కానీ మూడు రోజుల్లో సంతకం చేయాలి. కాబట్టి అక్కడున్న బంధువో స్నేహితుడో ఫిర్యాదిదారు కావడం సులభం. ఫిర్యాదు చేయడానికి రక్తసంబంధం అక్కర్లేదు. కన్స్యూమర్ కేసుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి: ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే, ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ ఒక్క పని మరిచిపోయి కేసులు ఏడాది వెనక్కి పోతుంటాయి.

వీడియో కాల్ మీదే ఆధారపడకండి, కెమెరా ఎటు తిప్పాలో పట్టుకున్న ఆయా నిర్ణయిస్తుంది. నెలకోసారి బయటి నర్సునో ఫిజియోథెరపిస్టునో డబ్బిచ్చి పంపి, బరువు, బీపీ, చర్మం చూసి రాయించండి.

ముందు వేరే చోటికి మార్చాలా, కేసు పెట్టాలా?

ప్రాణానికి ప్రమాదం ఉంటే మార్చండి, వాదన తర్వాత. నేరుగా ఇంటికో మరో ఆశ్రమానికో కాకుండా మధ్యలో ఆసుపత్రిలో ఒక రోజు ఉంచితే, ఏ స్థితిలో బయటికి వచ్చారన్నది రికార్డులో నిలుస్తుంది. ‘అంతా బాగుంది, ఎలాంటి ఫిర్యాదూ లేదు’ అని రాసి ఉన్న ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టకండి. బాకీ ఉందని మనిషిని ఆపే హక్కు వాళ్లకు లేదు. ఆపితే 112.

గడువులు ఎంత?

మామూలు దెబ్బల కేసులో కోర్టు ఏడాది లోపు విచారణకు తీసుకోవాలి, మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు మూడేళ్లు, అంతకు మించినవాటికి గడువు లేదు. కన్స్యూమర్ కేసుకు రెండేళ్లు.

లాయరు ఫీజు ఇచ్చుకోలేం.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ, ఫోన్ 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. అంటే బాధితురాలు అమ్మ అయితే, కొడుకు జీతం ఎంతన్నది ప్రశ్నే కాదు, దరఖాస్తు ఆవిడ పేరు మీద పెట్టండి.

నేను అక్కడే ఆయాగా పనిచేస్తున్నాను. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

పేరు చెప్పకుండానే ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. వారం పొడవునా, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. దేశమంతటికీ వ్యాపించిన ఈ లైన్ 2017లో మొదలైంది హైదరాబాద్‌లోనే. ఆశ్రమం పేరు, గది నంబరు, పెద్దమనిషి పేరు, మీరు చూసింది ఏ రోజు ఏ షిఫ్టులో అన్నది చెప్పండి. యజమాని చెప్పాడని మీరు మాత్రం మత్తు మాత్ర వేయకండి, ఖాళీ చార్టులో టిక్కులు పెట్టకండి. కేసు వచ్చిన రోజున ఆ సంతకం మీదే ఉంటుంది.